ఇంకో మహమ్మారి వస్తే వరంగల్‌లో ప్లాటు అగ్గువకు దొరుకుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఉద్యోగం మాదాపూర్‌లో, వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. కరోనా టైంలో హన్మకొండ వచ్చేసి ఇక్కడే పోర్షన్ అద్దెకు తీసుకుని ఉంటున్నారు. 40 లక్షల దాకా పెట్టి ప్లాటో ఫ్లాటో కొందామనుకుంటే, "ఇంకో రోగం వస్తే రేట్లు పడిపోతాయి, అప్పుడు కొను" అని ఎవరో అన్నారు. ఆగాలా, కొనాలా? ఇక్కడి నుంచి హైదరాబాద్ తిరగడం ఎంతవరకు కుదురుతుంది?

సూటిగా చెప్తాను. రేటు పడుతుందని ఆగొద్దు. మన దగ్గర మహమ్మారి వస్తే రేటు పడదు, బేరం ఆగిపోతుంది. ఈ రెండూ ఒకటి కావు. రేటు పడితే కొనేవాడికి లాభం. బేరం ఆగితే ఎవరికీ లాభం లేదు, అప్పటికే బయానా ఇచ్చి ఇరుక్కున్నవాడికి మాత్రం నష్టం.

రేటు ఎందుకు పడదంటే, వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఖాళీ ప్లాట్లు పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమందికి వాటిమీద అప్పు ఉండదు. ఓ టీచరు, ఓ రైల్వే ఉద్యోగి, ఓ సింగరేణి కార్మికుడు బిడ్డ పెళ్లికి పనికొస్తుందని ఎప్పుడో కొని కడీలు పాతి వదిలేసినవి. నెలనెలా కిస్తీ లేదు. తక్కువకు అడిగితే "ఉండనీ, అదేమన్నా తిండి అడుగుతుందా" అంటారు. అగ్గువకు దిగేది నెలనెలా ఖర్చు మింగే ఆస్తి ఉన్నవాళ్లే. 2020, 2021లలో దిగింది కూడా అలాంటివే. వాటి సంగతి కింద చెప్తాను.

ముందు ఒక పొరపాటు సరిచేసుకోవాలి. ఆ రెండేళ్లలో భూమి విషయంలో జరిగిందంతా కరోనా ఖాతాలో వేస్తుంటారు. విడదీసి చూడండి. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ఆ ఎండాకాలం అమ్మకాలు పోయింది నిజంగా వైరస్ వల్లే. కానీ అదే ఏడాది సెప్టెంబర్ 8 నుంచి రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్లు ఆగింది ధరణి అనే కొత్త భూరికార్డుల పోర్టల్ కోసం. అక్టోబర్ 29న ధరణి మొదలైంది, నవంబర్ 2 నుంచి వ్యవసాయ భూములు కదిలాయి, ప్లాట్లూ ఇళ్లూ గాడిన పడేసరికి డిసెంబర్ వచ్చింది. ఇది చాలదన్నట్టు ఆగస్టు చివర్లో, అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లకు ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) లేకపోతే రిజిస్ట్రేషన్ లేదన్నారు. అంతకుముందే ఒకసారి రిజిస్టర్ అయిన ప్లాట్లకు డిసెంబర్ 29న సడలింపు ఇచ్చారు. అంటే ఆ ఏడాది చివరి నాలుగు నెలలు మార్కెట్‌ను ఆపింది రోగం కాదు, ఉత్తర్వులు.

తర్వాత రేటు ఎగబాకింది కూడా రోగం వల్ల కాదు, చవక అప్పు వల్ల. 2020 మే నాటికి రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) 4 శాతానికి దించింది. 2021లో ఇంటి రుణం 6.7 శాతం దగ్గర దొరికింది. 30 లక్షలు, 20 ఏళ్లకు కిస్తీ సుమారు 22,700. రెపో 2022 మేలో పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి 6.5కి చేరింది. రుణం రెపోకు ముడిపడి ఉంటే మన వడ్డీ కూడా రెండున్నర శాతం ఎక్కి 9.2 అవుతుంది. 30 లక్షల మీద 9.2 శాతం అంటే నెలకు వడ్డీయే 23,000. పాత కిస్తీ వడ్డీకే చాలదు! కొత్తగా లెక్కేస్తే కిస్తీ 27,400 దాకా వెళ్తుంది. 2025లో రెపో మళ్లీ తగ్గింది కాబట్టి ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది. మీరు తీసుకోబోయే కిస్తీకి నెలకు 5,000 కలిపి కట్టగలరా అని ముందే చూసుకోండి. మహమ్మారి వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇదే: మొదట వడ్డీ తగ్గించి ఊరిస్తుంది, రెండేళ్లకు వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

దీనికి తోడు 2021 జూలై 22 నుంచి స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు 6 నుంచి 7.5 శాతం అయింది, ప్రభుత్వ విలువలూ పెరిగాయి. 20 లక్షల విలువ మీద అంతకుముందు 1.2 లక్షలయ్యేది 1.5 లక్షలైంది. బ్యాంకులు ఈ ఖర్చుకు అప్పు ఇవ్వవు, చేతి నుంచే పెట్టుకోవాలి. మామునూరు ఎయిర్‌పోర్టు మాట వేరు. దానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో పచ్చజెండా ఊపింది. ఆ చుట్టుపక్కల ఇప్పుడు చెప్పే రేట్లకూ కరోనాకూ సంబంధం లేదు.

ఊరి రూపాన్ని మహమ్మారి నేరుగా మార్చిన చోటు వరంగల్‌లో ఒకటుంది. 2021 మేలో రెండో వేవ్ నడుస్తుండగా అప్పటి ముఖ్యమంత్రి ఎంజీఎం ఆస్పత్రికి వచ్చి వెళ్లారు. జూన్ 21న సెంట్రల్ జైలు స్థలంలో మల్టీ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. ఖైదీలను తరలించి జైలును కూల్చేశారు. ఊరి మధ్యలో అంత స్థలం వాడకం మారితే చుట్టూ మెడికల్ షాపు, ల్యాబు, రోగి వెంట వచ్చినవాళ్లు ఉండే లాడ్జి, వీటికి పనికొచ్చే రోడ్డు మీది గదులకు అడ్వాన్సులు పెరుగుతాయి. వెనక గల్లీల్లోని ఇళ్లకు అంత తేడా రాదు. అమ్మేవాళ్లు మాత్రం రెండిటికీ ఒకే కథ చెప్తారు.

ఇక నిజంగా దెబ్బతిన్నవి హాస్టల్ బిల్డింగులు. నయీంనగర్, కిషన్‌పుర వైపు జూనియర్ కాలేజీలనూ కోచింగ్‌లనూ నమ్ముకుని కట్టినవి. 2020 మార్చి మధ్యలో కాలేజీలు మూశారు. 2021 ఫిబ్రవరి 1న తెరిచి మార్చి 24న మళ్లీ మూశారు. చివరికి సెప్టెంబర్ 1న తెరిచారు. పదిహేడున్నర నెలల్లో రెండు నెలలు కూడా పిల్లలు నిండుగా లేరు. లీజుకు తీసుకున్నవాళ్లు తాళాలు అప్పజెప్పి వెళ్లిపోయారు. అప్పు చేసి కట్టిన ఓనరు బ్యాంకు ముందు నిలబడ్డాడు.

అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది ఏమిటంటే, హాస్టల్‌గా కట్టిన బిల్డింగును ఫ్యామిలీ పోర్షన్లుగా మార్చడం అనుకున్నంత సులువు కాదు. అంతస్తుకు ఆరు గదులు, ఒక్కోటి 10 బై 12, ప్రతి గదికీ బాత్రూం. మధ్య గోడలు నాలుగున్నర అంగుళాలవైతే తీసేయొచ్చు, పిల్లర్ల మీద నిలబడ్డ బిల్డింగుకు ఇబ్బంది ఉండదు. చిక్కంతా బాత్రూంల కింద. స్లాబు అక్కడ అడుగు దాకా కిందికి దింపి పోసి ఉంటారు. ఆ గుంటను పూడ్చి హాలు చేస్తే పాత పైపు ఎక్కడో కారుతూ కింది ఇంటి సీలింగ్ నల్లబడుతుంది. వంటగదికి సింకు లైను ఉండదు. మీటరు ఒక్కటే, అదీ కమర్షియల్ కేటగిరీలో. విడివిడి మీటర్లకు, ఇంటి కేటగిరీకి మార్పించుకోవడానికి కరెంటు ఆఫీసు చుట్టూ తిరగాలి. ఖాళీగా ఉన్నా కమర్షియల్ మీటరుకు ఫిక్స్‌డ్ చార్జీ పడుతూనే ఉంటుంది.

కాబట్టి అద్దె వస్తుందని మీకెవరైనా హాస్టల్ బిల్డింగులో వాటా అంటగడితే, ఇప్పుడు వచ్చే అద్దె చూడకండి. రెండు పోర్షన్లుగా మారిస్తే ఎంత వస్తుందో అడిగి దాని మీద విలువ కట్టండి. ఫంక్షన్ హాళ్ల కథా దాదాపు ఇంతే.

అద్దె ఒప్పందం ఉన్నవాళ్లకు ఒక మాట. లాక్‌డౌన్ వచ్చింది కాబట్టి అద్దె కట్టక్కర్లేదని చాలామంది అనుకున్నారు. ఒప్పందంలో ఆ క్లాజు లేకపోతే లాక్‌డౌన్ ఒక్కటే కారణంగా అద్దె ఆపలేరని ఢిల్లీ హైకోర్టు 2020 మేలోనే చెప్పింది. షాపు తీసుకునేటప్పుడు, ప్రభుత్వం మూయించిన రోజులకు అద్దె సగమో పావో అని ముందే రాయించుకోండి.

వీకెండ్ ఫామ్ ప్లాట్లు. నాలుగు గోడల మధ్య ఏడాది గడిపిన జనం పచ్చదనం కోసం ఎగబడ్డారు. రామప్పకు 2021 జూలై 25న యునెస్కో గుర్తింపు రావడంతో ములుగు రోడ్డు బ్రోషర్లన్నింటిలో ఆ గుడి బొమ్మ ఎక్కింది. ఇక్కడ మూడు గోతులున్నాయి. ఒకటి, అమ్మేవాళ్లు చెప్పే 5 గుంటలు అంటే 605 గజాలు. పాస్‌బుక్ వస్తుంది, కానీ అది వ్యవసాయ భూమే. ఇల్లు కట్టాలంటే నాలా కన్వర్షన్ కావాలి (నీళ్ల నాలా కాదు, భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవడం), దానికి విలువ మీద 3 శాతం కట్టాలి. రెండు, 20 గుంటల కంటే చిన్న ముక్కలు చేసి అమ్మేది అనుమతి లేని లేఅవుట్ కిందికే వస్తుంది. రేపు అమ్మబోతే రిజిస్ట్రేషన్ దగ్గర ఆగుతుంది. మూడోది పెద్దది. ములుగు దాటి అడవి వైపు వెళ్లేకొద్దీ ఏజెన్సీ (గిరిజనుల భూమికి చట్టరక్షణ ఉన్న ప్రాంతం) గ్రామాలు వస్తాయి. అక్కడ 1/70 చట్టం కింద గిరిజనేతరులు భూమి కొంటే చెల్లదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. సాదా కాగితం మీద రాసిస్తామంటే లేచి వచ్చేయండి. ఊరు ఏజెన్సీలో ఉందో లేదో తహసీల్ ఆఫీసులో అడిగితే రెండు నిమిషాల్లో చెప్తారు.

ఇంకో అలవాటు కూడా కరోనాతోనే వచ్చింది. వీడియోకాల్‌లో ప్లాటు చూసి బయానా కొట్టేయడం. వీడియో ఎండాకాలంలో తీస్తారు. మన ఊరు 2020 ఆగస్టు మధ్యలో మునిగింది, 2023 జూలై చివర్లో మళ్లీ మునిగింది. నయీంనగర్ నాలా, బొంది వాగు, వడ్డేపల్లి చెరువు కింది కాలనీలు రెండుసార్లూ చూశాయి. పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున మీరే వెళ్లి నిలబడండి. ఎదురింటి కాంపౌండు గోడ మీద బురద గీత ఏ ఎత్తులో ఉందో చూడండి. సున్నం వేసి దాచినా, గోడ వెనక వైపు, కరెంటు స్తంభం మీద గీత ఉంటుంది. కొత్తగా మొరం పోసి ఎత్తు చేసిన ప్లాటు అయితే ఎందుకు పోశారని అడగండి. కాగితం మీద చూడాల్సినవి: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు, 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు కట్టడం కుదరదు. పాత పహాణీలో (ఊరి భూమి రికార్డులో) "శిఖం", అంటే చెరువు భూమి, అనే మాట కనిపిస్తే ఇక ముందుకెళ్లొద్దు, ఎల్‌ఆర్‌ఎస్ కట్టిన రసీదు చూపించినా సరే. రసీదు దరఖాస్తుదే కావచ్చు, మంజూరు చేసిన ప్రొసీడింగ్స్ కాగితం అడగండి.

ఇప్పుడు ప్రయాణం. హన్మకొండ నుంచి కాజీపేట స్టేషన్, అక్కడ ఎదురుచూపు, 132 కిలోమీటర్ల రైలు, సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు. అన్నీ కలిపి ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు గంటలు వేసుకోండి. బస్సులో ఉప్పల్ దిగినా అదే బ్లూ లైన్ మెట్రో, దాదాపు అదే టైం; ఉప్పల్ ముందర ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. అందుకే రెండు ఆఫీసు రోజులూ పక్కపక్కనే పెట్టించుకోండి, మధ్య రాత్రి అక్కడే ఉండండి. విడివిడిగా పెడితే వారానికి 16 గంటలు దారిలోనే, పక్కపక్కన పెడితే 8. మంగళ, బుధ అయితే నయం. సోమవారం పొద్దున, శుక్రవారం సాయంత్రం ఈ దారిలో సీటు దొరకడమే కష్టం. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఎక్స్‌ప్రెస్ బస్సులు నిండిపోతున్నాయి. రిజర్వేషన్ ఉన్న సర్వీసు చూసుకోవడమే మేలు.

నెల పాసు 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి కాజీపేట, వరంగల్ రెండూ దాని పరిధిలోకి వస్తాయి. కానీ రిజర్వేషన్ బోగీలో కూర్చోనివ్వరు, సూపర్‌ఫాస్ట్‌కు అదనంగా కట్టాలి. నెలకు ఎన్నిసార్లు వెళ్తారో లెక్క చూసుకుని పాసు తీసుకోండి.

మళ్లీ అలాంటి రోజులొస్తే ఏది ముందు ఆగుతుందో పోయినసారి చూశాం. 2020 మార్చిలో రైళ్లన్నీ నిలిచిపోయి, మెల్లగా "స్పెషల్" పేరుతో తిరిగొచ్చాయి, అదీ రిజర్వేషన్ ఉంటేనే. జనరల్ టికెట్టూ పాసూ లేక రోజూ తిరిగే ఉద్యోగులు ఏడాదికి పైగా రోడ్డున పడ్డారు. దక్షిణ మధ్య రైల్వేలో చాలా ప్యాసింజర్ బండ్లు 2021 జూలైలో గానీ కదల్లేదు. ప్యాసింజర్ కనీస చార్జీ 10 నుంచి 30 అయింది, మళ్లీ 10కి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చి 20న పోయింది, అది తిరిగి రానేలేదు. జిల్లాల ఆర్టీసీ బస్సులు మాత్రం 2020 మే 19నే రోడ్డెక్కాయి, హైదరాబాద్ సిటీ బస్సులకు సెప్టెంబర్ చివర దాకా, మెట్రోకు సెప్టెంబర్ 7 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే వరంగల్ నుంచి ఉప్పల్ దాకా రావడం సమస్య కాదు, ఉప్పల్ నుంచి మాదాపూర్ వెళ్లడమే సమస్య. ఉప్పల్‌లో ఒక స్నేహితుడి గదిలో హెల్మెట్, పాత స్కూటీ పెట్టి ఉంచితే ఆ చివరి ముక్క గడుస్తుంది.

ఇంటి నుంచి పనికి ఇల్లు చూసేటప్పుడు పెద్ద హాలు కంటే తలుపు మూసుకోగల చిన్న గది ముఖ్యం, 8 బై 9 చాలు, కిటికీ పడమర వైపు లేకుండా. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కు 60 వాట్లు, రౌటర్‌కు 10, ఫ్యాన్‌కు 70, లైటుకు 20, మొత్తం 160. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1.8 యూనిట్లుంటాయి, వాడుకోగలిగేది 1.2 దాకా, ఏడు గంటలు వస్తుంది. కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే ఇంకో రెండు గంటలు.

మీ 40 లక్షల విషయానికొస్తే, ఉండడానికే అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరున్న పూర్తయిన ఫ్లాటో, పాత ఇండిపెండెంట్ ఇల్లో చూడండి. వెంచర్ ప్లాటు అప్పు తీసి కొని అద్దె ఇంట్లో ఉంటే కిస్తీ, అద్దె రెండూ మోయాలి. అప్పు లెక్క కట్టేటప్పుడు బ్యాంకు, ఆస్తికి విలువ కట్టే మాలాంటి వాల్యుయర్ల రిపోర్టులోని విలువనూ మీ డాక్యుమెంట్ విలువనూ పోల్చి తక్కువదాన్నే తీసుకుంటుంది. అమ్మేవాడు తక్కువకు రాయిద్దాం అంటే మీ రుణం కూడా తగ్గుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

ఇక బయానా. 2020 ఆగస్టులో మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నవాళ్ల గడువు నవంబర్‌లో తీరింది, ఆఫీసు మాత్రం తెరవలేదు. రేటు పెరిగిందని అమ్మేవాడు "గడువు దాటింది" అన్నాడు. సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా మినహాయింపు ఇచ్చింది కదా అంటారు. అది కోర్టులో కేసు వేసే గడువుకే, ఇద్దరి మధ్య రాసుకున్న గడువుకు కాదు. కాబట్టి ఈ వాక్యం అగ్రిమెంటులో రాయించండి: "ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్ట్రేషన్లు జరగని రోజులు గడువులో లెక్కకు రావు, తిరిగి ప్రారంభమైన నాటి నుంచి 30 రోజులు అదనపు గడువు ఉంటుంది, ఈ కాలంలో పై రేటు మారదు." బయానా 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా ఇవ్వొద్దు, చెక్కో ఆర్టీజీఎస్సో చేయండి. ఈ వాక్యానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బయానా 10 శాతం దాకా పోనివ్వకుండా 2 శాతం దగ్గరే ఆపండి.